చిన్న మైదానము - అందరి ఆట

ఫుట్‌బాల్ ఆడవలెనన్నచో విశాలమైన మైదానమును, ఇరువదియిద్దరు ఆటగాండ్రును ఉండితీరవలెనని పలువురి తలంపు. అంత స్థలము లేని పాఠశాలలు ఆ ఆటనే విడిచిపెట్టుచున్నవి. స్థలమున్న చోట సయితము మేటి ఆటగాండ్రు మాత్రమే ఆడుచుండగా తక్కినవారు గట్టున కూర్చుండి చూచుచుందురు. ఇది సరికాదు. కొద్దిమంది కొద్దిపాటి స్థలములో ఆడు ఫుట్‌బాల్ పెద్ద ఆటకు తక్కువైనది కాదు. బాలబాలికలకు అదియే మేలైన ఆట యని నా అభిప్రాయము.

ఈ ఆట పుట్టిన తీరును చూడుడు. 1930వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశము తన రాజధానియగు మాంటెవిడియోలో మొదటి ప్రపంచ కప్పు పోటీలు నడపి, తానే విజయము గాంచెను. ఆ సంవత్సరముననే ఆ నగరమందలి వై.యం.సి.ఏ. సంస్థలో వ్యాయామోపాధ్యాయుడగు హువాన్ కార్లోస్ సెరియానీ, బాస్కెట్‌బాల్ ఆడు గచ్చుమీదనే ఆడదగిన ఫుట్‌బాల్‌ను రూపొందించెను. జట్టుకు ఐదుగురను నియమమును బాస్కెట్‌బాల్ నుండియు, గోలు కొలతలను హ్యాండ్‌బాల్ నుండియు, గోలుకీపరు నియమములను వాటర్‌పోలో నుండియు గ్రహించెను. నేడు ‘ఫుట్‌సాల్’ అని పేరొందినది ఈ ఆటయే.

ఇందలి మేలు లెక్కవలన తెలియగలదు. పెద్ద మైదానము పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. దానిని 22 మందికి పంచినచో ఒక్కొక్కరికి సుమారు 325 చదరపు మీటర్లు వచ్చును. ఫుట్‌సాల్ స్థలము సాధారణముగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గలది. ఆడువారు పదిమంది. ఒక్కొక్కరికి వచ్చునది 80 చదరపు మీటర్లే. కావున బంతి ఎవరికిని దూరము కాదు. అది మాటిమాటికి ప్రతివాని కాలికి తగులును. బంతియు చిన్నది, తక్కువగా ఎగురునది. అందువలన దానిని అదుపులో నుంచు నేర్పు త్వరగా అబ్బును. పైగా బయటికి వచ్చిన ఆటగాడు ఎన్నిమారులైనను తిరిగి లోనికి పోవచ్చును. బ్రెజిల్ దేశపు పీలే, రొనాల్డీన్యో చిన్ననాట ఈ ఆట ఆడి పెరిగినవారే.

చిన్న ఆటకు రూపములు పెక్కు గలవు. సముద్రతీరపు ఇసుకపై వట్టికాళ్లతో ఐదుగురేసి ఆడునది ‘బీచ్ సాకర్’. అంధుల ఫుట్‌బాల్ మరింత అబ్బురమైనది. అందు బంతిలోపల గలగలలాడు వస్తువు లుండును. గోలుకీపరునకు మాత్రమే చూపుండును. తక్కిన నలుగురును కండ్లకు గంతలు ధరింతురు. బంతికై వచ్చువాడు స్పానిష్ భాషలో ‘వోయ్’, అనగా ‘వచ్చుచున్నాను’ అని పలుకవలెను. ఆ సవ్వడులు వినబడుటకై ప్రేక్షకులు మౌనము వహింతురు. 2004లో ఏథెన్స్ నగరమున జరిగిన పోటీలనుండి ఇది పారాలింపిక్ క్రీడలలో చేరినది. నియమములను మనుజునికి తగినట్లు మలచినచో ఎవ్వరును ఆటకు వెలి కారని ఇది చాటుచున్నది.

దూరముగా బంతి నందించుట, తొంబది నిమిషములు అలయక పరుగెత్తుట పెద్ద మైదానముననే అలవడునని కొంద రందురు. నిజమే. కాని అక్షరములు దిద్దిన పిమ్మట గదా గ్రంథములు చదువుట!

నేడు నగరములలో కృత్రిమపు పచ్చికతో, వలల కంచెలతో చిన్న మైదానములు వెలసి, గంటకింత యని అద్దెకు దొరకుచున్నవి. అవి యుండుట మంచిదే. ఐనను చోటు లేనివారికి అక్కరకు వచ్చు ఈ ఆట, రుసుము చెల్లింపగలవారి సొత్తుగా మారరాదు. దానిని అందరికిని దక్కించుట పాఠశాలల విధి. ఉన్న స్థలమును నాలుగు భాగములు చేసినచో ఒకేమారు నలువదిమంది ఆడవచ్చును. అందు బాలికలకును సమానమైన పాలుండవలెను. 2025లో ఫిలిప్పీన్స్ దేశమున మొట్టమొదటిసారిగా స్త్రీల ఫుట్‌సాల్ ప్రపంచ కప్పు జరిగినది గదా!

విద్యార్థులారా! మీ ఆటస్థలము ఎంత పెద్దదని యడుగకుడు. గట్టున కూర్చున్నవా రెందరో లెక్కింపుడు. వారిని గూడ ఆటలోనికి పిలుచుడు.