తల్లిని చూపని పిల్ల



కిందటి వారం ధర్మవరం నుండి నా పూర్వశిష్యుడొకడు ఫోను చేశాడు. చీరలు నేసే కుటుంబం వారిది. "అయివారూ, మావాడు కుక్కపిల్ల కావాలని ఒకటే పోరు. బెంగుళూరు నుండి లాబ్రడార్ పిల్లను తెప్పించేదా, లేక దిక్కులేని కుక్కలను సాకే చోటికి పోయి తెచ్చుకునేదా?" అని అడిగాడు. అంతకుముందొకసారి ఇలాగే తెప్పించిన పిల్ల అయిదవనాటికే రక్తవిరేచనాలతో కన్నుమూసిందట. పార్వో జబ్బని పశువైద్యుడు చెప్పాడట.

"వచ్చేనాటికి దాని వయసెంత?"

"నెల దాటిందన్నారయ్యా."

"తల్లిని చూశావా?"

"లేదయ్యా. అట్టపెట్టెలో పెట్టి బస్సుకు వేసినారు."

అతనికి చెప్పిన సమాధానాన్నే కాస్త విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

చీర కొనవచ్చినవారు జరీ ఎలాంటిది, పట్టు ఎక్కడిది, రంగు నిలుస్తుందా అని ఎన్ని ప్రశ్నలు వేస్తారో అతనికి తెలియనిది కాదు. పదేళ్ళకు పైబడి ఇంట్లో మసలవలసిన ప్రాణిని మాత్రం ఒక్క ప్రశ్నైనా అడగకుండా కొన్నాడు. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను ఎంచుకోమన్న పెద్దల మాట కుక్కపిల్లకు మాత్రం వర్తించదా?

బాధ్యత గల పెంపకందారుకు తొలి గుర్తు అదే: తల్లిని చూపిస్తాడు. 2017లో కేంద్రప్రభుత్వం కుక్కల పెంపకం, అమ్మకాలకు నియమాలు చేసింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. 18 నెలలు నిండని ఆడకుక్కకు జత కట్టించరాదు. ఒక తల్లికి జీవితం మొత్తంలో 5 ఈతలకు మించరాదు. ఇవన్నీ పాటించేవాని దగ్గర పిల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. మనం వేచి ఉండాలి. ఆ ఓపిక లేని మన తొందరే దళారికి పెట్టుబడి. కనుక ఉన్న దారులు రెండు కావు, మూడు. పెంపకందారు, ఆశ్రయం అని మనం తర్కించుకుంటూ ఉండగానే, మూడవదైన అట్టపెట్టె దారి బస్సెక్కి వచ్చేస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగుళూరు రైలుమార్గం మీది ఊళ్ళే. హిందూపురానికి ఆ నగరం సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారి మనకు మరీ దగ్గర.

పెంపకందారు వద్దకు పోనే కూడదని నేననను. గొర్రెల మంద కాచుకొనే వానికి ఫలానా గుణమున్న కుక్కే కావాలి. అటువంటివారికి కర్ణాటకలోని ముధోల్ దగ్గర తిమ్మాపురంలో బీదరు పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే కేంద్రం ఉన్నది. అక్కడ ముధోల్ వేటకుక్కల జాతిని శాస్త్రీయంగా వృద్ధి చేస్తున్నారు. మన ఎండలకు తట్టుకొనే దేశవాళీ జాతి అది. మంచుదేశపు హస్కీని తెచ్చి అనంతపురం ఎండలో కట్టివేయడం కంటె అది ఎంతో నయం.

అయితే నా శిష్యునికి మంద లేదు. కావలసినది పిల్లవానికొక తోడు. ఆ తోడుకు వంశవృక్షమెందుకు? పుట్టపర్తిలో కరుణా సొసైటీ 2000వ సంవత్సరం నుండి దిక్కులేని జంతువులను ఆదుకొంటున్నది. ధర్మవరానికి అదేమంత దూరం కాదు. పైగా 2025 నవంబరులో సుప్రీంకోర్టు బళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుండి వీధికుక్కలను తరలించాలనీ, శస్త్రచికిత్స చేసి టీకా వేసినా తిరిగి అక్కడే వదలరాదనీ ఆదేశించింది. ఇక అవి పోవలసినది ఆశ్రయాలకే. అక్కడినుండి మనమొక దానిని తెచ్చుకుంటే ఇంకొక దానికి చోటు దొరుకుతుంది.

కష్టాలు లేవనను. ఆశ్రయపు కుక్క గతం మనకు తెలియదు. ఎవరో కొట్టి ఉంటారు, కర్ర చూస్తే వణుకుతుంది. తినేటప్పుడు దగ్గరకు పోతే గుర్రుమనవచ్చు. రెండు మూడు సార్లు వెళ్ళి, పిల్లవానితో ఎలా మెలగుతుందో చూసి, రేబిస్ టీకా పడిందో లేదో కనుక్కొని మరీ తెచ్చుకోవాలి. ఆపైన కొన్ని నెలలు ఓర్పు పట్టాలి. అయితే ఎదిగిన కుక్క స్వభావం మన కళ్ళెదుటే ఉంటుంది. పెట్టెలో వచ్చిన పిల్ల ఏమవుతుందో చెప్పగలవారెవరు?

ఆదిపర్వంలో సరమ అనే కుక్క ఉన్నది. ఏ తప్పూ చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టారని ఆ తల్లి నేరుగా రాజు ముందుకే వచ్చి నిలదీసింది. మనం బస్సులో తెప్పించుకొనే పిల్లలకూ తల్లులున్నారు. ఈతమీద ఈత ఈని, ఏ చీకటి కొట్టులోనో పడి ఉంటారు. వారు వచ్చి నిలదీయలేరు గనుకనే మనకు భయం లేదు.

అంతా విని, "మీ మాట నిజమే అయివారూ, అయితే వీధికుక్కను ఇంట్లో పెట్టుకుంటే నలుగురిలో పరువేముంటుందని మా ఆవిడ అంటుంది" అన్నాడు. ఆదివారం కొడుకును వెంటబెట్టుకొని పుట్టపర్తి పోయి చూసి మాత్రం వస్తానన్నాడు.

ఆమెకొకసారి ఫోను ఇవ్వమన్నాను. ఆమె కూడా నా బడిలో చదివినదే.