బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు... బ్రేకు ఏది?

మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ని మన జనం ఆ పేరుతో పిలవరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఆ పేరు ఏ జీవోలోనూ లేదు. జనమే పెట్టుకున్నారు. రోడ్డు మీద బండిని ఆపే అధికారం ఉన్నవాడు ముందుగా చూడాల్సింది ఏమిటో బడి మొహం చూడని రైతుకు కూడా తెలుసు కాబట్టే ఆ పేరు నిలిచింది. మరి ఆ ఇన్‌స్పెక్టర్ లారీ ఆపి అడిగేదేమిటి? సి-బుక్కు, పర్మిట్టు, ఇన్సూరెన్సు, పొల్యూషన్, ఎఫ్‌సీ. అన్నీ కాగితాలే. కాగితం బాగుంటే బండి బాగున్నట్టే! బ్రేకు సంగతి దేవుడెరుగు.

ఈ మాట చిలకలూరిపేటలో నిలబడి మాట్లాడితే ఇంకా బాగా అర్థమవుతుంది. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మీది ఊరు ఇది. పాత లెక్కలో ఐదో నంబరు, ఇప్పుడు పదహారు. మార్టూరు, బల్లికురవ వైపు నుంచి గ్రానైటు రాళ్లు, పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి, మాచర్ల వైపు నుంచి సిమెంటు, నాపరాయి, గుంటూరు యార్డుకు పోయే మిర్చి, గణపవరం మిల్లులకు వచ్చే పత్తి. పల్నాడు పండించినదీ, పల్నాడు తవ్వి తీసినదీ లారీ ఎక్కకుండా ఎక్కడికీ పోదు. ఆ లారీల మధ్యనుంచే మన పిల్లలు కాలేజీకి పోతారు, మన ఉద్యోగులు నరసరావుపేట, గుంటూరు ఆఫీసులకు పోయి వస్తారు.

2024 మే 13న ఓటు వేసి, మరుసటి రాత్రి చిన్నగంజాం నుంచి హైదరాబాదుకు తిరుగు ప్రయాణమైన జనం ఉన్న బస్సు, తెల్లవారకముందే చిలకలూరిపేట మండలం పసుమర్రు దగ్గర టిప్పర్‌ను ఢీకొంది. మంటలు లేచాయి. ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవాళ్లలో రెండు బళ్ల డ్రైవర్లూ ఉన్నారు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. టిప్పర్‌లోని కంకరంతా సీట్లలో కూర్చున్న ప్రయాణికుల మీద పడింది. 19 మంది పోయారు. వాళ్లలో చదువుకోవడానికి హైదరాబాదు పోతున్న ఆడపిల్లలున్నారు.

ఈ రెంటికీ బ్రేకే కారణమని మనం తీర్పు చెప్పబోవడం లేదు. మన ప్రశ్న వేరు. ఏ ప్రమాదం జరిగినా మర్నాడు వినిపించే మాటలు రెండే. ఒకటి అతివేగం. రెండు డ్రైవర్ నిర్లక్ష్యం. అక్కడితో ఫైలు మూసేస్తారు. ఆ బండి బ్రేక్ లైనర్లు చివరిసారి ఎప్పుడు మార్చారు? టైర్లు ఎన్నిసార్లు రీబటన్ చేయించారు? కాటా మీద బరువెంత తూగింది? డ్రైవరు నిద్రపోయి ఎన్ని గంటలైంది? ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. అడిగితే వేళ్లు డ్రైవర్ దగ్గర ఆగవు. యజమాని మీదికి, సరుకు ఎక్కించినవాడి మీదికి, ఎఫ్‌సీ ఇచ్చినవాడి మీదికి పోతాయి. అందుకే అడగరు.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. ఎనిమిదేళ్ల లోపు లారీకి రెండేళ్లకోసారి, ఆ పైబడిన లారీకి ఏడాదికోసారి ఎఫ్‌సీ చేయించాలి. ఏడాదికి 365 రోజులు. పరీక్ష ఒక్క రోజు. ఆ ఒక్క రోజుకు అరువు టైర్లు బిగించి, లైట్లు తగిలించి, రంగు కొట్టించి తీసుకుపోయే బళ్ల కథ ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. పరీక్ష కన్నుతో కాదు, యంత్రంతో జరగాలని 2021లో కేంద్రం రూల్సు తెచ్చింది. రోలర్ల మీద చక్రం తిప్పి బ్రేకు ఎంత పడుతోందో కొలిచే యంత్రం మంచిదే, మనం కాదనడం లేదు. కానీ మిగతా 364 రోజుల మాటేమిటి? యంత్రం చెప్పేది ఆ పూట సంగతే. పది రోజుల తర్వాత లైనరు అరిగితే యంత్రానికేం తెలుసు?

ఇక శిక్షల సంగతి. 2019 సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. బాగుంది. మరి లోపమున్న బండిని రోడ్డెక్కిస్తే? సెక్షన్ 190 కింద 1,500 రూపాయలు! ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి మనుషులు గాయపడితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. ఇంకోవైపు భారతీయ న్యాయ సంహితలో, ప్రమాదం చేసి కబురు చెప్పకుండా పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల దాకా జైలన్నారు. 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు స్టీరింగు వదిలి రోడ్డు మీద కూర్చున్నారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. అప్పుడు గానీ ఢిల్లీ దిగిరాలేదు. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క క్లాజును పక్కన పెట్టారు. తూకం చూడండి. బ్రేకు లేని బండి తోలించినవాడికి 1,500. ఆ బండి తోలినవాడికి పదేళ్లు. ఇది ఎవరి చట్టం?

నిజానికి చట్టం పుస్తకంలోనే ఇంకో మాట ఉంది. పాలకులు దాన్ని చదవరు. ఓవర్‌లోడు సెక్షనయినా, లోపమున్న బండి సెక్షనయినా 'తోలినవాడు' దగ్గర ఆగలేదు. తోలించినవాడు, తోలనిచ్చినవాడు కూడా దోషే అంటుంది. అంటే క్వారీలో రాయి ఎక్కించిన యజమాని, ఫ్యాక్టరీ గేటు దగ్గర కాటా చీటీ ఇచ్చి పంపిన కంపెనీ మీద కూడా కేసు కట్టవచ్చు. కడుతున్నారా? రోడ్డు మీద దొరికేది డ్రైవరే కాబట్టి పట్టుకునేదీ డ్రైవర్నే.

బ్రేకు ఎందుకు చెడుతుందో తెలియాలంటే ఇంజనీరు కానక్కర్లేదు. లారీని ఆపడమంటే దాని వేగాన్నంతా వేడిగా మార్చడమే. లైనరు డ్రమ్ముకు రాసుకుంటుంది, వేడి పుడుతుంది. బరువు పెరిగితే వేడి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పది టైర్ల లారీకి మొత్తం బరువు 25 టన్నులు దాటకూడదన్న గీతను 2018లో కేంద్రం 28.5 టన్నులకు జరిపింది. ఆ జరిపిన గీతను కూడా దాటి ఎక్కిస్తే, డ్రమ్ము కాలిపోయి లైనరు పట్టు వదులుతుంది. గాలి పైపు ఎక్కడో లీకై ప్రెషర్ పడిపోతే పరిస్థితి ఇంకా ఘోరం. కాలు పెడల్ మీదే ఉంటుంది, బండి ఆగదు. 'బ్రేకు పడలేదు సార్' అని డ్రైవరు మొత్తుకుంటే, తాగి తోలావా అని అడుగుతారు.

మన పేపర్లలో రోజూ కనిపించే వార్త ఇంకొకటుంది. 'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు.' ఆగి ఉన్న లారీ మనుషుల్ని ఎందుకు చంపుతోంది? వెనక లైటు వెలగదు. రేడియం పట్టీ మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. కారు దూరకుండా వెనక ఉండాల్సిన ఇనుప కమ్మీ వంగిపోయో, ఊడిపోయో ఉంటుంది. ఒక బల్బు, ఒక పట్టీ, ఒక వెల్డింగు. వీటి ఖరీదెంత? వీటికి బదులు పోయే కుటుంబం ఖరీదెంత?

అయితే లారీ యజమాని అంతా దుర్మార్గుడని తిట్టి చేతులు దులుపుకుంటే అదీ అన్యాయమే. మన ప్రాంతంలో ఒకటి, రెండు లారీలున్న చిన్న యజమానులే ఎక్కువ. వాళ్లలో చాలామంది నిన్నటి డ్రైవర్లే. ఫైనాన్స్ వాయిదా ఆగదు. డీజిలు, టోలు, టైర్లు, ఇన్సూరెన్సు ఆగవు. కిరాయి మాత్రం వాళ్ల చేతిలో ఉండదు. సరుకు యజమాని, బ్రోకరు కలిసి తేలుస్తారు. నువ్వు కాదంటే వెనక ఇంకో లారీ నిలబడి ఉంటుంది. ఆ కిరాయిలో మిగలాలంటే రెండే దారులు. ఎక్కువ బరువు ఎక్కించాలి, లేదా షెడ్డు ఖర్చు తగ్గించాలి. రెండూ బ్రేకు మీదే పడతాయి.

దీనికి తోడు సర్కారు వాతలు. పదిహేనేళ్లు దాటిన లారీ ఎఫ్‌సీ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలు చేశారు. 2025 నవంబరులో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, ఇరవై ఏళ్లు దాటితే 25,000 అన్నారు. 2014లో రెండు రాష్ట్రాలయ్యాక, నేషనల్ పర్మిట్టు లేని బండి సరిహద్దు దాటాలంటే తాత్కాలిక పర్మిట్టు తీసుకోవాల్సి వచ్చింది. ఏడాదికి ఒక్కసారి కట్టించుకుని కౌంటర్ సిగ్నేచర్ పర్మిట్టు ఇవ్వండని లారీ యజమానుల సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. ఇవి కాక దారి పొడవునా మామూళ్లు సరేసరి. కాగితానికి కట్టిన ప్రతి రూపాయీ లైనరుకు పెట్టకుండా మిగుల్చుకున్న రూపాయే. పాత బండి ప్రమాదకరమని ఫీజు పెంచుతారు. ఆ ఫీజు కట్టలేక బాగుచేయించడం మానేస్తే బండి మరింత ప్రమాదకరమవుతుంది. ఇదీ పాలకుల తెలివి!

అందరికన్నా కింద నలిగేది డ్రైవరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అని రాసింది. కానీ 2025 నవంబరులో రద్దయ్యేదాకా అయిదుగురు, అంతకుమించి కార్మికులున్న సంస్థకే అది వర్తించేది. ఒక్క లారీ యజమాని దగ్గర చేసే డ్రైవర్‌కు ఆ చట్టం ఉన్నా లేనట్టే ఉండేది. ట్రిప్పు లెక్కన బత్తా ఇస్తే, పండుకున్న గంటకు కూలి ఉండదు. కళ్లు మూతలు పడుతున్నా తోలాల్సిందే. బండికి బ్రేకు లేదు, మనిషికి విశ్రాంతి లేదు.

మనం అడగాల్సినవి గొంతెమ్మ కోర్కెలేం కావు.

లారీ ఉన్న ప్రతి ప్రాణాంతక ప్రమాదంలో బ్రేకు, టైరు, బరువు, డ్రైవరు పని గంటలు నమోదు చేసి ఆ నివేదిక జనం ముందు పెట్టాలి. ప్రమాదం జరిగిన బండిని పరిశీలించే అధికారం సెక్షన్ 136లో ఉండనే ఉంది.

ఓవర్‌లోడు కేసులో కాటా చీటీ ఇచ్చినవాడిని, సరుకు ఎక్కించినవాడిని కూడా ముద్దాయిని చేయాలి. ఎక్కువ బరువు దించకుండా బండిని కదలనివ్వకూడదు.

ఒకటి, రెండు లారీలున్న యజమానికి ఎఫ్‌సీ ఫీజు తగ్గించాలి. బ్రేకు పరీక్షించే యంత్రం జిల్లా కేంద్రం నరసరావుపేటలో పెట్టి, ఏడాది పొడవునా ఎప్పుడొచ్చినా ఉచితంగా చూసి పంపాలి. లోపం కనబడితే ఫైను వేయడం కాదు, బాగుచేయించుకునే గడువివ్వాలి.

పని గంటల చట్టం ఒక్క లారీ డ్రైవర్‌కు కూడా వర్తించాలి. హైవే పక్కన బండి ఆపుకుని పడుకునే జాగా, స్నానానికి నీళ్లు ఉండాలి.

విద్యార్థులారా! ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివేది పరీక్ష రాసి మర్చిపోవడానికి కాదు. నెలకో ఆదివారం మెకానిక్కుల్ని వెంటబెట్టుకుని లారీ స్టాండుకు పోండి. గాలి ప్రెషరు, టైరు, వెనక లైటు, వీలు నట్లు చూడటానికి పది నిమిషాలు చాలు. ట్రక్కు టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే రోడ్డుకు పనికిరాదని రూలు ఉందని ఎంతమంది డ్రైవర్లకు చెప్పారు? మీరు చెప్పండి. ఉద్యోగులారా! రవాణా శాఖలో, పోలీసు శాఖలో నిజాయితీగా పనిచేయాలనుకునే మీవాళ్లున్నారు. కాగితం కాదు, బండి చూడండని యూనియన్ తీర్మానం చేయించండి. సభ ఏ జెండాదైనా, జనాన్ని సరుకు లారీ ఎక్కించి తోలించే నాయకుడిని అక్కడికక్కడే నిలదీయండి.

డ్రైవర్‌ను జైల్లో పెడితే ప్రమాదాలు ఆగవు, లారీలను తిడితే ఆగవు. బండికి బ్రేకుండాలి. కిరాయి కోసం బరువు ఎక్కించే దోపిడీకీ, ఆ దోపిడీని చూస్తూ కాగితాలు లెక్కపెట్టే సర్కారుకూ బ్రేకుండాలి. జనం ఆ ఇన్‌స్పెక్టర్‌కు పేరు ఎప్పుడో పెట్టారు. ఆ పేరుకు తగ్గ పని చేయించుకోవాల్సిందీ జనమే.