క్షయ అని తేలిన ఇంటికి సంఘం ఏం తీసుకెళ్లాలి?



పొల్లాచ్చి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒక జబ్బుకు మూడు పేర్లు. ఆసుపత్రి చీటీ మీద టీబీ. నర్సమ్మ నోట కాసనోయ్. ఇంటికి వచ్చాక క్షయ. ఈ మూడో పేరు పలికేటప్పుడే గొంతు తగ్గుతుంది, వీధి తలుపు దగ్గరికి వేస్తారు. నాయక రాజుల కాలం నుండి కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో బడి తమిళంలో, బజారు తమిళంలో నడిచినా, ఏడుపూ ప్రార్థనా చాలా ఇళ్లలో ఇంకా తెలుగులోనే ఉన్నాయి. కాబట్టి ఈ జబ్బు సంగతి కూడా తెలుగులోనే, తలుపు తీసి మాట్లాడుకుందాం.

ప్రపంచంలో ఏటా క్షయ వచ్చేవారిలో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. మన సంఘాల్లో ఏ బెంచీ మీదనైనా ఆ జబ్బు దాటివచ్చిన మనిషి కూర్చుని ఉండవచ్చు. ఆ సంగతి మనకు తెలియదు, ఎందుకంటే వాళ్లు చెప్పరు. చెప్పకపోవడానికి కారణం సగం మనమే.

రోగం పేరు తెలిసిన మొదటి వారంలో పరామర్శకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు గమనించండి. "ఎక్కడ అంటుకుంది?" "ఇంట్లో ప్రార్థన తగ్గిందా?" "ఏదైనా ఒప్పుకోవలసింది ఉందేమో ఆలోచించమ్మా." పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును ఇలాంటిదే అడిగారు, పాపం వీడిదా, కన్నవాళ్లదా అని. ఆయన రెండూ కాదన్నాడు. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా అదే ప్రశ్నను కాస్త మెత్తగా చేసి మనం రోగి మంచం దగ్గరికి పట్టుకుపోతున్నాం. యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే చెడిపోయింది.

ఇక మందుల సంగతి. దీనికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి.

మామూలు క్షయకు వైద్యం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, రోజూ వేసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అన్నీ ఉచితం. ఈ జబ్బులో ఒక మోసం ఉంది. నెలా రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది, ముఖం తేటపడుతుంది. లోపల క్రిములు మాత్రం ఇంకా ఉంటాయి. సరిగ్గా అప్పుడే మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే ఆదివారం వస్తుంది. "ప్రభువు నన్ను ముట్టాడు, మాత్రలు మానేశాను" అంటారు. చప్పట్లు కొడతాం. కొన్ని నెలలకు దగ్గు తిరిగి వస్తుంది, ఈసారి పాత మందులకు లొంగని జబ్బుగా కూడా రావచ్చు. అది ఇంట్లో పిల్లలకు అంటితే వాళ్లకూ ఆ మొండి జబ్బే. ఈ రెండో సాక్ష్యాన్ని ఏ మైకులోనూ ఎవరూ చెప్పరు.

ప్రార్థనకు విరోధంగా మేము ఒక్క మాట కూడా అనడం లేదు. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు రాశాడు, పిలవాలి, వాళ్లు వెళ్లాలి. అయితే మందు వద్దని చెప్పే అధికారం వాక్యంలో ఎక్కడ దొరికింది? హిజ్కియా రాజు చావు పడక మీద ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. విన్నాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టమన్నాడు. పౌలు తన వెంట లూకా అనే వైద్యుణ్ణి ఉంచుకున్నాడు. తిమోతి కడుపు జబ్బుకు ఏం తాగాలో ఉత్తరంలో రాశాడు. త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వెళ్లవలసి వచ్చింది, అందుకు త్రోఫిము విశ్వాసాన్ని తప్పు పట్టలేదు. ఈ మాటలన్నీ మన పాస్టర్లకు తెలిసినవే. స్వస్థత కూటాల పోస్టర్లు అచ్చు వేయించేటప్పుడే ఎందుకో గుర్తుకు రావు. తాయెత్తులు, మంత్రాలతో క్షయ, కాన్సరు వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. మన పోస్టర్లలోని మాటలు ఆ గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో సంఘపు పెద్దలు ఒకసారి చదివి చూసుకోవాలి.

చిన్న సంగతి ఒకటి. ఈ మందుల్లో రిఫాంపిసిన్ అనేది వేసుకుంటే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. రక్తం పడుతోందనుకుని భయపడి మందు మానేసినవారు ఉన్నారు. ముందే ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది.

మంచం వేరు, పళ్లెం వేరు, చివరికి మనిషే వేరు అన్నట్టు చూసే ఇళ్ల కోసం ఒక పాత కథ చెప్పాలి. ఒకప్పుడు క్షయ అంటే శానటోరియమే. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మిషన్లన్నీ కలిసి కట్టిన అలాంటి చోటే. డబ్బు, పడక దొరికినవాళ్లు వెళ్లేవాళ్లు. మిగిలినవాళ్లు ఇంట్లో ఎదురుచూసేవాళ్లు. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. ఇరుకు ఇళ్లలో ఉండే పేద రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు శానటోరియంలో విశ్రాంతి, మంచి తిండి, నర్సుల సేవ. రెండో గుంపు తమ ఇళ్లలోనే. ఇద్దరికీ ఏడాది పాటు అవే మందులు. 1959లో ఫలితాలు వచ్చినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వాళ్ల కుటుంబాలను ఆ తర్వాత ఐదేళ్లు గమనించినా, రోగి ఇంట్లో ఉండి వైద్యం చేయించుకున్నందువల్ల జబ్బు ఎక్కువగా సోకలేదని తేలింది. లోకమంతటా శానటోరియాలు మూతపడడానికి దారి తీసినది ఈ మద్రాసు పేదల అనుభవమే.

అంటే ఏమిటి? మందు సరిగ్గా పడుతుంటే రోగి తన ఇంట్లో, తన వాళ్ల మధ్య ఉండవచ్చు. మొదటి వారాల్లో నోటికి గుడ్డ, గాలి వెలుతురు ఉన్న గది, దగ్గేటప్పుడు జాగ్రత్త చాలు. ఇంట్లోవాళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలితే రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. పళ్లెం వేరు చేయనవసరం లేదు, ఇది పళ్లెం ద్వారా అంటేది కాదు, గాలి ద్వారా అంటేది.

తిండి సంగతిలో మద్రాసు కథకు ఒక కొనసాగింపు ఉంది. మందులు పడితే శానటోరియం భోజనం లేకపోయినా జబ్బు నయమవుతుందని అప్పుడు తేలింది. దాంతో తిండి పెద్ద విషయం కాదని చాలాకాలం అనుకున్నారు. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ అభిప్రాయాన్ని సరిదిద్దింది. రోగి ఇంట్లోవాళ్లకు కూడా నెలనెలా బియ్యం, పప్పు వంటివి ఇస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. బక్కచిక్కిన రోగుల్లో మొదటి నెలల్లోనే బరువు పెరిగినవారికి చావు ముప్పు బాగా తగ్గింది. స్త్రీల సమాజం వారు పరామర్శకు ఖాళీ చేతులతో, పెద్ద బైబిలుతో వెళ్తుంటారు. బైబిలుతో పాటు ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, గుడ్లు పట్టుకెళ్తే అది కూడా వైద్యమే.

ఆడపిల్లకు ఈ జబ్బు వస్తే తల్లిదండ్రులు ముందు ఆలోచించేది మందు గురించి కాదు, పెళ్లి గురించి. పక్క ఊరి ఆసుపత్రికి దొంగచాటుగా తీసుకెళ్తారు, సగంలో ఆపేస్తారు. కోడలికి వస్తే పుట్టింటికి పంపేస్తారు. రోగంలోనూ విడువనని బలిపీఠం ముందు ప్రమాణం చేయించేది మనమే కదా! చట్టం సంగతి కూడా చూడండి. క్రైస్తవుల విడాకుల చట్టంలోకి 2001లో కుష్ఠు రోగాన్ని ఒక కారణంగా చేర్చారు. కుష్ఠుకు అప్పటికే పూర్తిగా నయం చేసే మందులున్నాయి. అది 2019 దాకా అలాగే ఉండిపోయింది. కుష్ఠు రోగులను ముట్టుకున్న ప్రభువును ఆరాధించే మనలో ఎందరికి ఆ పదునెనిమిదేళ్లూ అది తెలుసు?

పొల్లాచ్చి, కోయంబత్తూరు వీధులు ఊడ్చే కార్మికుల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఎందరో ఉన్నారు. వాళ్లలో క్రీస్తును నమ్మినవారికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా లేదు. ఆ పోరాటం వేరే, అది సాగాలి. క్షయ మందుకు మాత్రం కుల ధ్రువపత్రం అడగరు, మతం అడగరు. కాబట్టి సర్టిఫికెట్ లేదని ఎవరూ ఆగిపోవద్దు.

కపెర్నహూములో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, జనం అడ్డుంటే పైకప్పు విప్పి దించారు. ఆ నలుగురి పేర్లు ఎవరూ రాయలేదు. పొల్లాచ్చి నుండి మధుర వెళ్లే దారిలో పళని దాటాక ఒట్టంసత్రం వస్తుంది. 1955లో డాక్టర్ థారియన్, ఆయన సహచరులు ఆ పల్లె ప్రాంతంలో క్రైస్తవ సహవాస ఆసుపత్రి మొదలుపెట్టారు. పట్నంలో ప్రాక్టీసు పెట్టుకోగలిగినవాళ్లే, అయినా రోగి దగ్గరికి తామే వెళ్లారు. అలాంటి ఆసుపత్రులు కట్టడం మనందరి వల్లా కాదు. మోయడం అవుతుంది. ఆరు నెలల పాటు ఒక రోగికి మాత్ర వేసుకున్నావా అని రోజూ ఫోను చేయడానికి, నెలకొకసారి ఆసుపత్రికి తోడు వెళ్లడానికి, ఇంగ్లీషు చీటీని ఇంటి తెలుగులో చెప్పడానికి ఒక యవ్వనస్థుడు చాలు. కూలి పోగొట్టుకుని రాత్రింబగళ్లు చూసుకునే తల్లికి లేదా భార్యకు వారంలో ఒక పూట విశ్రాంతి ఇవ్వడానికి ఇద్దరు అక్కలు చాలు.

సంఘాలు చేయగల పని ఇంకొకటి ఉంది. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ మిత్ర పథకం కింద ఎవరైనా, ఏ సంస్థ అయినా పేరు నమోదు చేసుకుని రోగులకు నెలనెలా తిండి సామాను ఇవ్వవచ్చు. ప్రభుత్వం కూడా వైద్యం సాగినంతకాలం తిండి కోసం డబ్బు ఇస్తుంది. 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఉండేది, 2024 నవంబరు నుండి 1000 అయింది. ఈ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఖాతా లేకనో, ఆధార్ జతపడకనో అది ఆగిపోయిన ఇల్లు మీ సంఘంలో ఉంటే, యూత్ మీటింగ్ అయ్యాక ఇద్దరు వెళ్లి సోమవారం బ్యాంకుకు తోడు వస్తామని చెప్పి రండి. సందేహాలుంటే నిక్షయ ఉచిత ఫోను 1800 11 6666.