గుత్తి సీటు, ఫిబ్రవరి లెక్క

గుత్తి శాసనసభ నియోజకవర్గానికి 2004 ఎన్నికలే చివరివి. 2008లో అమల్లోకి వచ్చిన పునర్విభజనతో ఆ పేరు జాబితాలోంచి పోయింది. గుత్తి, పామిడి మండలాలు గుంతకల్లు నియోజకవర్గం కిందికొచ్చాయి. అదే ఊపులో గోరంట్ల, నల్లమాడ కూడా రద్దయ్యాయి. రాప్తాడు, పుట్టపర్తి పుట్టుకొచ్చాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సీట్లు మాత్రం 14గానే ఉన్నాయి.

ఆ పేరుకు చరిత్ర తక్కువేం కాదు. 1885లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ తొలి సభకు వెళ్లిన పట్టు కేశవ పిళ్లై గుత్తి వకీలే. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ థామస్ మన్రోను ముందు పాతిపెట్టిందీ గుత్తిలోనే. తర్వాత ఆ అస్థికలను మద్రాసు తీసుకుపోయారు. ఉన్నవి తరలిపోవడం ఈ ఊరికి అప్పటి నుంచే అలవాటు కాబోలు! రైల్వే జంక్షన్ గుంతకల్లు జనాభా లక్ష దాటాక కోట ఉన్న గుత్తి పేరు నిలుస్తుందనుకోవడం అత్యాశే. పేరు పోయినా పరవాలేదు.

జవాబుదారీతనం పోతేనే కష్టం. 2004లో ఇదే జిల్లాలోని మడకశిరలో గెలిచిన కాంగ్రెస్ నాయకుడు రఘువీరారెడ్డి, అదే పునర్విభజనలో ఆ స్థానం ఎస్సీలకు రిజర్వు కావడంతో 2009లో కళ్యాణదుర్గం వెళ్లి గెలిచారు. అంతవరకు రిజర్వుడుగా ఉన్న కళ్యాణదుర్గం అప్పుడే జనరల్ అయింది. రిజర్వేషన్‌ను తప్పుపట్టలేం, ఆయన పోటీనీ తప్పుపట్టలేం. కానీ నాయకుడికి సీటు మార్చుకునే వీలుంది. అయిదేళ్ల పనికి లెక్క అడగాల్సిన మడకశిర ఓటరుకు అది లేదు.

ఇంతకూ ఈ నియోజకవర్గాల గీతలన్నీ ఏ లెక్కతో గీశారు? 2001 జనగణనతో. అప్పుడు ఇంటింటికీ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. వేరుశనగ పీకడం అయిపోయి, సంక్రాంతి వెళ్లాక అనంతపురం పల్లెల్లో ఏముంటుంది? తాళం వేసిన తలుపులు, అరుగు మీద ముసలివాళ్లు. పని చేయగలిగినవాళ్లంతా బెంగళూరు కట్టడాల దగ్గర గుడిసెల్లో ఉంటారు. లెక్కల రోజులన్నీ అక్కడే గడిపినవాళ్లు అక్కడి జనాభాలోకే వెళ్తారు. వానలు పడితే తిరిగొచ్చి విత్తేది మాత్రం ఇక్కడే, ఓటు వేసేదీ ఇక్కడే.

ఇక ముందు జరగాల్సింది చూస్తే, రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కు పెంచాలంది. కానీ అందుకు రాజ్యాంగం 170వ అధికరణ ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగాలి. ఆ జనగణనలో తలలు లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో, అంటే మళ్లీ వలసల కాలంలోనే. జిల్లాల వాటా జనాభాను బట్టే కాబట్టి, ఆ నెలలో ఊళ్లో లేనివాడు కరువు సీమకు సీట్ల లెక్కలోనూ లేనట్టే.

2027 కోసం కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వలస కుటుంబాల్లో కనీసం కొందరైనా ఆ లెక్కల రోజుల్లో ఊళ్లో ఉండేలా ఉపాధి హామీ పనులను ఫిబ్రవరిలోనే గట్టిగా పెట్టించాలి, కూలి వారం వారం చేతికందాలి. కలెక్టర్లు, సర్పంచులు దీన్ని ఇప్పుడే పట్టించుకోవాలి.