అభిమానికి చెవులుండవా?

శామీర్‌పేట నుంచి ఒక కుర్రవాడు నా మీద అగ్గిమీద గుగ్గిలమై ఉత్తరం రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యను. విషయం మాత్రం దాచను. ఎనభైల్లో బాలుగారు పాడిన డ్యూయెట్లలో సగానికి సగం ఇవాళ మళ్ళీ వినబుద్ధి కావని ఈ మధ్య ఈ శీర్షికలో రాశాను కదా! దానికి అతని జవాబు ఇదీ:

"సార్, మీరు బాలు సార్ ఫ్యాన్ అని చెప్పుకుంటరు. మళ్ళ ఆయన పాటలకే వంకలు పెడ్తరు. గిదేం ఫ్యానిజం సార్? ఫ్యాన్ అయితే ఫ్యాన్ లెక్క ఉండాలె. లేకుంటే మానుకోవాలె."

చదవగానే నవ్వొచ్చింది. కాసేపు ఆలోచిస్తే ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఎందుకంటే నన్ను ఈ మాట అడిగిన మొదటి మనిషి ఇతను కాడు. పాతికేళ్ళ క్రితం మేడ్చల్లో ఇంకొకడు ఇదే ప్రశ్నని తిరగేసి అడిగాడు. వాడి సంగతి చివర్లో చెబుతాను. ముందు నా అభిమానం కథ వినండి.

ఎనభైల్లో మేడ్చల్లో పాట వినాలంటే మూడే దారులు. రేడియో, చాయ్ హోటలు, పెళ్ళివారి మైకు! రేడియోలో జనరంజని వస్తే పాటకంటే పాట కోరినవాళ్ళ పేర్లే పొడుగు. నేనూ కార్డులు రాశాను. నా పేరు చదివినట్టే చదివి వేరే ఊరి పేరు చెప్పినప్పుడు అన్నం మానేసిన రోజులు కూడా ఉన్నాయి సుమండీ!

తర్వాత క్యాసెట్లొచ్చాయి. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని సికింద్రాబాదు వెళ్ళి, రికార్డింగ్ షాపులో పాటల లిస్టు ఇస్తే, వారం రోజులకి ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్టు. పక్కకి ఏడు పాటలు, మొత్తం పద్నాలుగు. నా లిస్టులో ఎప్పుడూ నలభై ఉండేవి. ఇరవై ఆరు కొట్టెయ్యాలి. అన్నీ బాలుగారివే. మరి ఏవి కొట్టెయ్యాలి? జేబులో ఒక్క క్యాసెట్‌కే డబ్బులున్నప్పుడు ఎంత వీరాభిమాని అయినా ఏరుకోవాల్సిందే కదా! నేను విమర్శ నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ కాదు బాబూ, ఆ లిస్టు దగ్గరే.

ఆ క్యాసెట్టూ, ఒక టేప్‌రికార్డరూ, నాలుగు లావుపాటి బ్యాటరీలూ సైకిలుకి కట్టుకుని, ఆదివారం సాయంత్రం శామీర్‌పేట పెద్దచెరువు కట్టమీదికి పోయేవాళ్ళం. ఇప్పుడైతే ఔటర్ రింగురోడ్డుకి మేడ్చల్లోనూ, శామీర్‌పేటలోనూ దిగే దార్లున్నాయి. కారులో పాట మొదలుపెడితే మూడో పాటకి చేరుకోవచ్చు. అప్పుడు సైకిలు తొక్కీ తొక్కీ చెమటతో దిగేవాళ్ళం. బ్యాటరీలు నీరసించాయంటే టేపు నెమ్మదించి బాలుగారి గొంతు కాస్తా బావిలోంచి వచ్చినట్టుండేది. అప్పుడు మా గుంపులో ఘంటసాల భక్తుడు "ఇప్పుడు బాగుంది!" అని చప్పట్లు కొట్టేవాడు.

వాడితోనే నా యుద్ధమంతా. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోవడంతోనే తెలుగు పాట కూడా పోయిందని వాడి నమ్మకం. నేను 'ఏకవీర' తీసేవాణ్ణి. 1969లో వచ్చిన ఆ సినిమాలో, కె.వి.మహదేవన్ సంగీతంలో ఘంటసాలా బాలూ కలిసి పాడిన పాట ఉంది. "చూశావా, పెద్దాయన పక్కన నిలబడి పాడాడు మావాడు!" అనేవాణ్ణి. "నిలబడ్డాడు సరే, విను!" అనేవాడు వాడు.

విన్నాను. పదిసార్లు విన్నాను. నిజం చెప్పొద్దూ... ఆ పాటలో పెద్దాయన పక్కన బాలుగారి గొంతు లేతగానే ఉంటుంది. 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో పరిచయమైన కుర్రవాడు. 'ఏకవీర' నాటికి నిండా ఇరవై మూడేళ్ళు. లేతగా ఉండక ఏమవుతుంది? కానీ ఆ ముక్క కట్టమీద నలుగురి ముందు ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది!

ఒప్పుకున్నాక ఒక విచిత్రం జరిగింది. అభిమానం తగ్గలేదు, పెరిగింది. అక్కణ్ణుంచి 1980లో 'శంకరాభరణం' దాకా ఆ గొంతు ఎంత దూరం నడిచిందో అప్పుడు తెలిసింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే బాహాటంగా చెప్పుకున్నారు. అలాంటి మనిషి శంకరశాస్త్రికి గొంతివ్వాలి! మహదేవన్‌గారి సహాయకుడు పుహళేందిగారు దగ్గర కూర్చోబెట్టి నేర్పితే, నేర్చుకుని పాడారు. జాతీయ అవార్డు వచ్చింది. మహదేవన్‌కీ, వాణీజయరామ్‌కీ కూడా అదే సినిమాకి వచ్చాయి. బాలుగారు పుట్టుకతోనే గొప్ప అని కొట్టిపారేశామనుకోండి, ఈ కష్టమంతా ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఇక నా ఫిర్యాదు. ఎనభైల్లో పాటల వరద వచ్చింది. పొద్దున ఒక రికార్డింగు, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి ఇంకొకటి. ఆయన 1981లో ఒక్కరోజున బెంగుళూరులో 21 కన్నడ పాటలు రికార్డు చేశారని అభిమానులం గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడవలసిందే, ఓపికకి! కానీ ఇరవయ్యో పాట రాసిన కవికి, దానికి బాణీ కట్టినాయనకి ఆ రోజు ఎంత దక్కి ఉంటుందో కూడా ఆలోచించాలా, వద్దా? మన డ్యూయెట్లలోనూ అంతే. హీరో మారతాడు, హీరోయిన్ మారుతుంది, ఊటీలో పూలు మారతాయి. ఆ కొంటె నవ్వు, ఆ ఊపిరి, మాట చివర ఆ విరుపు మాత్రం మారవు. తప్పంతా ఆయనదే అనను. బాణీయే పాతదైతే గొంతు ఏం చేస్తుంది? అయినా పాటలో వినబడేది గొంతే కదండీ.

అలాగని ఆ దశాబ్దాన్నంతా చెత్తబుట్టలో వేస్తే కళ్ళు పోతాయి! 'సాగరసంగమం' 1983. 'రుద్రవీణ' 1988. రెండూ ఇళయరాజావే. రెండింటికీ సంగీతానికి ఆయనకీ, పాటకి బాలుగారికీ జాతీయ అవార్డులు. అదే గొంతు, అదే రోజులు. ఇంత పాడగలిగిన మనిషి కాబట్టే అంత తక్కువ పాడినప్పుడు నాకు ఉక్రోషం. పక్కింటి కుర్రాడు తప్పితే మనకేం బాధ? మన ఇంటివాడు తప్పితేనే కదా అన్నం సయించనిది!

అభిమానులకి ఇంకో జబ్బుంది. అంకెల జబ్బు. బాలుగారు 40 వేల పాటలు పాడారని ప్రతి సభలోనూ చెబుతాం. కాస్త కాగితం పెన్సిలూ తియ్యండి. 1966 నుంచి 2020 దాకా 54 ఏళ్ళు. 40 వేలంటే ఏడాదికి 740. అంటే పండగనక, జ్వరమనక, విమానప్రయాణమనక రోజుకి రెండు చొప్పున, యాభై నాలుగేళ్ళు! సాధ్యమా, అసాధ్యమా, మీరే తేల్చుకోండి. నేనడిగేది ఒక్కటే. ఆ అంకెలో సగమే నిజమైతే మీ అభిమానం సగమైపోతుందా? నాకైతే ఆ పద్నాలుగు పాటల క్యాసెట్టు చాలు.

ఈ జబ్బు ఇప్పుడు ఇంకా ముదిరింది. పాట విడుదలైన 24 గంటల్లో ఎన్ని లక్షలమంది చూశారన్నదే లెక్క, ఎన్నిసార్లు విన్నారన్నది ఎవరికీ పట్టదు. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజున నేనూ మిఠాయి పంచాను. కీరవాణి, చంద్రబోస్ ఆ వేదిక మీద నిలబడితే నా కళ్ళూ తడిశాయి. ఆ సాయంత్రమే, "అవార్డుకి సంతోషమే గానీ, కీరవాణి పాటల్లో ఇది నా మొదటి పదిలో రాదు" అన్నానని ఒకాయన నాతో మాట్లాడ్డం మానేశాడు. 'అన్నమయ్య' (1997) విన్న చెవులు మరి! ఊరేగింపులో నడుస్తూ మాట్లాడకూడదంటే ఎలా?

అన్నిటికంటే పెద్ద పరీక్ష 2017లో వచ్చింది. బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడరాదని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వెళ్ళింది. బాలుగారికే కాదు, చిత్రకి, చరణ్‌కి కూడా. మా కట్టమీది గుంపు రెండుగా చీలిపోయింది. కొందరు ఇళయరాజా క్యాసెట్లు బయట పారేస్తామన్నారు. నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నా పద్నాలుగు పాటల్లో తొమ్మిది వాళ్ళిద్దరూ కలిసి చేసినవే, ఎవర్ని పారెయ్యను? చివరికి నాకు తోచిందిది. కట్టిన బాణీకి హక్కు అడగడం న్యాయం. సినిమాపాటకి హక్కు నిర్మాతదా, సంగీతదర్శకుడిదా, కవి వాటా ఎంత, ఇవి చట్టం తేల్చాల్సిన మాటలు. కానీ దశాబ్దాల స్నేహితుడికి ఆ మాట లాయరు చేత చెప్పించడం నాకు నచ్చలేదు. అదే చెప్పాను. ఇటువాళ్ళూ తిట్టారు, అటువాళ్ళూ తిట్టారు. 2019లో వాళ్ళిద్దరూ చెన్నైలో మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. మా గుంపులో మాత్రం ఇద్దరు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు!

సరే, చెబుతానన్న సంగతి.

తొంభైల్లో మా మేడ్చల్లో ఒక కుర్రవాడుండేవాడు. టైలరు షాపులో కాజాలు కుట్టేవాడు. వినాయక చవితి మంటపాల దగ్గర బాలుగారి పాటలు పాడేవాడు. జనం ఊగిపోయేవారు. పది రూపాయల నోట్లు చొక్కాకి గుచ్చేవారు. నేను ముందు వరసలో ఈలలు వేసేవాణ్ణి. కానీ నా చెవికి తెలుసు. చరణంలో పైకి వెళ్ళేసరికి శ్రుతి జారేది. శకారానికీ సకారానికీ తేడా ఉండేది కాదు. బాలుగారి నవ్వూ, విరుపూ దించేసేవాడు గానీ పాట మాత్రం అందులో కనబడేది కాదు. మూడేళ్ళు విన్నాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే బాధపడతాడని! మనవాడు కదా అని!

ఒకనాడు వాడు షాపు మానేసి, అప్పు చేసి కొత్త బట్టలు కుట్టించుకుని, ఒక పాటల పోటీ ఎంపికకి వెళ్ళాడు. పల్లవి అయ్యి చరణం ఎత్తుకోగానే చాలన్నారట. సాయంత్రం మేడ్చల్ స్టేషన్లో దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అందరు మంచిగున్నదంటిరి. నువ్వు గూడ మంచిగున్నదంటివి. మరి ఆళ్ళెందుకు వద్దన్నరన్నా? నీకెర్కనే గద, ఎందుకు చెప్పకపోతివి?"

నా దగ్గర జవాబు లేదు. "లోపలికి రా తమ్మీ, చాయ్ తాగు" అన్నాను. తాగలేదు.

ఆ రోజుల్లోనే, 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. బాలుగారు చిన్న చిన్న పిల్లల్ని దగ్గరికి తీసుకుని, ముందు ఏది బాగా పాడారో చెప్పి, తర్వాత ఏ అక్షరం దగ్గర ఒత్తు పోయిందో, ఏ చోట శ్రుతి తప్పిందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో విడమరిచి చెప్పేవారు. తనే పాడి చూపించేవారు. రాసిన కవి పేరూ, బాణీ కట్టినాయన పేరూ తలుచుకోకుండా పాట దాటేవారు కాదు. పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అయినా మరుసటి వారం అదే పిల్ల ఇంకా బాగా పాడేది. నేను మూడేళ్ళలో చెయ్యలేని పని ఆయన మూడు నిమిషాల్లో చేస్తుంటే టీవీ ముందు తల దించుకుని కూర్చున్నాను. ప్రేమ లేకనా ఆయన తప్పులు చెప్పింది? మరి నేను చెప్పకపోవడం ప్రేమా?

2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయినప్పుడు వాడు ఫోన్ చేశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, కాసేపు పట్టుకుని ఊరుకున్నాం. 2023 ఏప్రిల్లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చాక ఒకసారి అందులో కలిశాడు. ఇప్పుడు సొంత టైలరు షాపు ఉంది. "పాడుతున్నావా?" అన్నాను. "కుట్టేటప్పుడు, షట్టర్ గుంజినంక" అన్నాడు. అప్పుడు చెప్పాను, చరణంలో శ్రుతి సంగతి. పెద్దగా నవ్వేశాడు. "ఇప్పుడా అన్నా చెప్పేది? యాడాదో రెండేండ్లో గురువు దగ్గర కూసుంటే సరయ్యేదేమో గద!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, బొల్లారం దాకా కిటికీలోంచే చూశాడు.

అందుకని, శామీర్‌పేట తమ్ముడూ! నీ ఉత్తరానికి కోపం లేదు. నీ వయసులో నేనూ ఇలాంటి ఉత్తరాలే రాశాను. కానీ నేను ఈలలే వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను, మళ్ళీ చూడలేను. ఒక పని చెయ్యి. బాలుగారి పాటలు నలభై రాసుకో. అందులో ఇరవై ఆరు కొట్టెయ్యి. ఏది ఎందుకు కొట్టేశావో పక్కన ఒక్కొక్క ముక్క రాయి. ఆ కాగితం తీసుకుని ఏ ఆదివారమైనా చెరువు కట్టమీదికి రా. నా కాగితం నేను తెస్తాను. నేను తీసేసిన పాట నువ్వు ఉంచావనుకో, ఎందుకుంచావో వినిపించు. నువ్వే గెలిస్తే, వచ్చే వారం ఈ శీర్షికలో నా తప్పు నేనే ఒప్పుకుంటాను.

చాయ్ డబ్బులు మాత్రం ఓడినవాడివి!