సీసాలోని మందుతో స్కూటరుకు బలం వస్తుందా?

పిల్లలూ! పెట్రోలులో ఓ సీసా మందు పోస్తే మైలేజీ పెరుగుతుందని మీ నాన్నగారికి ఎవరైనా చెప్పారా? ఆ డబ్బు దండగని నా అభిప్రాయం.

నా పాత టూ-స్ట్రోక్ స్కూటరుకు లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపేవాణ్ణి. అది తప్పనిసరి, పిస్టనుకు కందెన అదే. ఇప్పటి ఫోర్-స్ట్రోక్ బండ్లలో ఆయిలు వేరుగా ఉంటుంది.

మరి ఆక్టేను పెంచే మందో? ఆక్టేను సంఖ్య ఇంధనంలోని శక్తికి కొలత కాదు. ఒత్తిడికి పెట్రోలు వేళకాని వేళ మండకుండా ఎంత తట్టుకుంటుందో అది చెబుతుంది. ఇంజను టకటకమని కొట్టుకోనప్పుడు దాన్ని పెంచి లాభమేమిటి? మూలపడిన బండి కార్బురేటరులో జిగురు పేరుకుంటే మాత్రం, శుభ్రపరిచే మందు కొంత పనిచేయవచ్చు.

ఆ టకటకను ఆపడానికే 1921లో అమెరికాలో మిడ్జ్‌లీ సీసపు సమ్మేళనం కలిపి చూశాడు. ఇంజను బాగుపడింది, గాలి విషమైంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో గాని ఆగలేదు. అందుకే, లోపల ఏముందో పైచీటీ మీద రాయని సీసాను నేను కొనను. నెలనెలా టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు చూసుకుంటాను, అంతే.