అటక మీది మూటలు

దసరాకు దులుపుదామని అటక ఎక్కితే కాలు పెట్టను చోటు లేదు. రెండు మూటల చీరలు, పిల్లల పాత స్వెటర్లు, మూతల్లేని స్టీలు డబ్బాలు, మామయ్య మిల్లుకు పట్టుకపోయిన టిఫిన్ డబ్బా. మాది వర్లీలో 160 చదరపు అడుగుల ఖోలీ. ఉండేది అయిదుగురం, సామాను పదిమందిది.

పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమెను పిలుస్తానన్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"1982ల సమ్మె అయినప్పుడు ఇంట్ల గిన్నెలమ్మి బియ్యం తెచ్చిన బిడ్డా. సామాను ఉంటేనే నాకు ధైర్యం."

ఇంకేమంటాను? మూటలు మళ్లీ పైకెక్కించాను.

వారం తిరక్కుండానే పక్క ఖోలీకి ఊరి నుంచి కొత్త జంట దిగింది. వాళ్లకు వండుకోను గిన్నె లేదు, కప్పుకోను దుప్పటి లేదు. ఈసారి అత్తమ్మే మూట దించమన్నది. నాలుగు దుప్పట్లు ఉతికి ఆరేసింది. స్వెటర్లకు ఊడిన గుండీలు కుట్టింది.

"ఇచ్చేటిది మనం తొడుక్కునేటట్టు ఉండాలె" అన్నది.

చినిగినవి మసిగుడ్డలకు తీశాం. మిగిలిన చీరలకు ఒక తపేలా వచ్చింది. అదీ ఆ పిల్లకే ఇచ్చింది.

టిఫిన్ డబ్బా మాత్రం తుడిచి మళ్లీ అటక మీదనే పెట్టింది. నేను అడగలేదు.

అక్కలారా, దీపావళిలోగా మీరూ ఓసారి అటక ఎక్కండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను అడగందే ఏ మూటా బయట పెట్టకండి. ఎవరికి ఇవ్వాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.